కళాచికిత్సకులు: ప్రభుత్వ పర్యవేక్షణము, లైసెన్సు విధానము

చిత్రలేఖనము, మట్టిబొమ్మల తయారీ, రంగుకాగితముల కూర్పు మొదలగు దృశ్యకళాప్రక్రియలను సాధనముగా గొని మనోవ్యథకును, మానసిక రుగ్మతలకును, పిల్లల ప్రవర్తనలో కానవచ్చు వైషమ్యములకును శాస్త్రీయముగా ఉపచారము చేయు వృత్తి కళాచికిత్స. ఈ వృత్తియందున్నవారిని లోకవ్యవహారమున ఆర్ట్ థెరపిస్టులందురు. కుంచె పట్టుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. కాని రోగిచేత కుంచె పట్టించి, అతడు గీసినదానిని చికిత్సలో భాగముగా గ్రహించి, ఆ పనికి రుసుము పుచ్చుకొనవలెనన్నచో కొన్ని దేశములలో ప్రభుత్వానుమతి కావలెను. మరికొన్ని దేశములలో అక్కరలేదు. ఒకే దేశమునందు ఒక రాష్ట్రమున తప్పనిసరియైన లైసెన్సు పొరుగు రాష్ట్రమున పేరుకైనను లేకపోవుటయు కలదు. ఈ వైవిధ్యమునకు మూలము పాలకుల అలసత్వము మాత్రమే కాదు. ఈ వృత్తి పుట్టినప్పటినుండియు తన స్వరూపమును గూర్చి తనలో తాను వాదులాడుకొనుచునే యున్నది.

ఆంగ్ల చిత్రకారుడు ఏడ్రియన్ హిల్ క్షయరోగపీడితుడై ససెక్స్ ప్రాంతమునందలి మిడ్‌హర్స్ట్ శానిటోరియమున చికిత్స పొందుచు, పడకపై నుండియే బొమ్మలు గీయుట తనకు ఊరట నిచ్చుటను గమనించి, తోడి రోగులకును ఆ పని అలవరచెను. 1942 ప్రాంతమున ఈ పద్ధతికి పేరు పెట్టినవాడును, 1945లో దీనిపై గ్రంథము ప్రకటించినవాడును ఇతడే. మరుసటి యేడు ఎడ్వర్డ్ ఆడమ్సన్ అను మరియొక చిత్రకారుడు సర్రేలోని నెదర్న్ మానసిక చికిత్సాలయమున రోగులకొక చిత్రశాలను నెలకొల్పి దశాబ్దములపాటు నడపెను. రోగులు గీసిన బొమ్మలకు తాను అర్థములు చెప్పక, వారు నిర్భయముగా గీయుటకు తగిన చోటును, సామగ్రిని, సాన్నిధ్యమును మాత్రమే సమకూర్చుట ఆడమ్సన్ పాటించిన నియమము. వీరిరువురిలో ఎవరికిని వైద్యపట్టము లేదు; చికిత్సకు లైసెన్సు అను ప్రసక్తియే నాడు లేదు.

అట్లాంటిక్ సముద్రమునకు ఆవల కథ వేరు దారి పట్టినది. న్యూయార్కులో వాల్డెన్ పాఠశాలను స్థాపించిన మార్గరెట్ నామ్‌బర్గ్ 1940ల దశకమున ఆ రాష్ట్రపు మనోవైద్య పరిశోధనాలయములో పనిచేసి, రోగి బొమ్మ అంతశ్చేతన పలుకు భాష యనియు, దానిని రోగితో కలిసి విప్పిచెప్పుకొనుట మనోవిశ్లేషణతో సమానమైన చికిత్సయనియు ప్రతిపాదించెను. వియన్నాలో పుట్టి 1938లో న్యూయార్కు చేరిన ఈడిత్ క్రామర్ ఇందుల కంగీకరింపలేదు. విల్ట్‌విక్ పాఠశాలలోని బాలురతో పనిచేసిన ఆమె అనుభవమున, బొమ్మను గూర్చి మాటలాడుట కంటె బొమ్మను పూర్తిచేయుటయే స్వస్థతకు హేతువు, కళయే చికిత్స. ఈ వివాదము పండితులకు మాత్రమే సంబంధించినదిగా తోచును గాని, లైసెన్సు వ్యవహారమంతయు దీనిపై ఆధారపడి యున్నది. నామ్‌బర్గ్ మాటయే నిజమైనచో కళాచికిత్స మానసిక చికిత్సలలో నొకటి. రోగి ప్రాణముతో, మానముతో ముడివడిన పని. దానిపై ప్రభుత్వపు కన్ను ఉండి తీరవలెను. క్రామర్ మాటయే నిజమైనచో చిత్రకళోపాధ్యాయునికిని కళాచికిత్సకునికిని నడుమ శాసనము గీత గీయుట సులభసాధ్యము కాదు. వృత్తిలోనివారు తేల్చుకొనలేకపోయిన ఈ విషయమును చట్టసభలు నిస్సంకోచముగా తేల్చివేసినవి: లైసెన్సు నిచ్చిన ప్రభుత్వములన్నియు దాదాపుగా నామ్‌బర్గ్ పక్షమే వహించినవి.

తొలుత వృత్తిసంఘములే తమవారిని తామే అదుపులో నుంచుకొనుటకు యత్నించెను. బ్రిటిష్ కళాచికిత్సకుల సంఘము 1964లోను, అమెరికన్ కళాచికిత్స సంఘము 1969లోను ఏర్పడినవి. అమెరికన్ సంఘము అనతికాలముననే అర్హులైనవారి పేర్లు పట్టికకెక్కించు పద్ధతిని ప్రారంభింపగా, 1993లో ఆ పని ఆర్ట్ థెరపీ క్రెడెన్షియల్స్ బోర్డు అను వేరొక సంస్థకు సంక్రమించినది. స్నాతకోత్తర పట్టము పొంది, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో నియమిత గంటలు రోగులతో పనిచేసినవారికి ఈ బోర్డు రిజిస్ట్రేషను నిచ్చును. పైపరీక్షలో ఉత్తీర్ణులైనవారికి ధ్రువీకరణము నొసగి, అయిదేండ్ల కొకమారు దానిని పునరుద్ధరించును. ఇదియంతయు ప్రైవేటు వ్యవస్థ. ఈ ధ్రువపత్రము లేనివాడు తాను కళాచికిత్సకుడనని నామఫలకము కట్టుకొన్నచో అతనిని పోలీసులు పట్టుకొనరు, న్యాయస్థానము శిక్షింపదు. లైసెన్సు అట్లు కాదు. అది ప్రభుత్వ శాసనమువలన కలుగునది, దానిని ఉల్లంఘించుట నేరము. తూనికరాళ్ళపై సర్కారు ముద్ర వంటిది ఈ లైసెన్సు. ముద్ర బరువుకే హామీ గాని దుకాణములోని సరుకుకు కాదు. లైసెన్సుగల చికిత్సకుడు నిపుణుడై యుండునన్న హామీ ఏ ప్రభుత్వమును ఇయ్యలేదు. నిర్ణీతమైన శిక్షణ పొందెననియు, తప్పు చేసినచో జవాబు చెప్పవలసినవాడనియు మాత్రమే చెప్పగలదు.

బ్రిటనులో కళాచికిత్సకులకు శాసనబద్ధమైన రిజిస్టరు 1997లో ఏర్పడినది. వైద్యానుబంధ వృత్తులను గూర్చిన 1960 నాటి చట్టపు పరిధిలోనికి కళాచికిత్సకులను, సంగీతచికిత్సకులను, నాటకచికిత్సకులను ఆ యేట చేర్చిరి. పిమ్మట 2001 నాటి ఉత్తరువు ననుసరించి పుట్టిన ఆరోగ్య వృత్తుల కౌన్సిలు ఆ బాధ్యతను స్వీకరించినది. 2012లో అది ఆరోగ్య, సంరక్షణ వృత్తుల కౌన్సిలుగా పేరు మార్చుకొన్నది. ఈ విధానమున చట్టము కాపాడునది బిరుదునే గాని పనిని కాదు. ఆర్ట్ థెరపిస్టు, ఆర్ట్ సైకోథెరపిస్టు అను పేర్లను రిజిస్టరులో లేనివారు మోసగించు తలంపుతో వాడరాదు, వాడినచో జరిమానా. కాని అదే పనిని మరియొక పేరు పెట్టుకొని చేయువానిని ఈ చట్టము ముట్టదు. ఇది పెద్ద లొసుగు అని విమర్శించువారు కలరు. వృద్ధాశ్రమములలో, పాఠశాలలలో, ఆసుపత్రి వార్డులలో బొమ్మలు వేయించు కళాకారులందరిని నేరస్థులను చేయకుండ కాపాడిన వివేకమని మెచ్చుకొనువారును కలరు. ఈ వ్యాసకర్తకు రెండవ పక్షమే సమంజసముగా తోచుచున్నది.

ఆ కౌన్సిలు పర్యవేక్షణ జరుగు తీరును కొంత వివరముగా చూడదగును. కళాచికిత్సకుడు స్నాతకోత్తర స్థాయి శిక్షణను ఆమోదితమైన విద్యాసంస్థలో ముగించి రిజిస్టరులో చేరును. రెండేండ్ల కొకమారు నమోదును పునరుద్ధరించుకొనవలెను. అప్పుడు ప్రతి వృత్తినుండి నూటికి రెండున్నర వంతున కొందరిని యాదృచ్ఛికముగా ఎన్నుకొని, గడచిన రెండేండ్లలో తాము నేర్చుకొన్న క్రొత్త విషయములకు సాక్ష్యము చూపుమని కౌన్సిలు కోరును. రోగి గాని, అతని బంధువు గాని, యజమాని గాని ఫిర్యాదు చేసినప్పుడు విచారణ సాగును. విచారణ మండలిలో ఒకరు ఆ వృత్తికి చెందినవారును, ఒకరు వృత్తితో సంబంధము లేని సామాన్యులును ఉండుట నియమము. విచారణ సాధారణముగా బహిరంగముగానే జరుగును. నేరవిచారణయందు వలె నిస్సందేహమైన రుజువు ఇచ్చట అక్కరలేదు. సివిలు వ్యాజ్యములందు వలె సంభావ్యత ఏ వైపు మొగ్గునో చూతురు. తప్పు తేలినచో నాలుగు విధములైన ఉత్తరువు లున్నవి: హెచ్చరిక, షరతులకు లోబడి పనిచేయించుట, ఒక యేటికి మించని తాత్కాలిక తొలగింపు, రిజిస్టరునుండి పేరు కొట్టివేత. పేరు కొట్టివేయబడినవాడు అయిదేండ్లు గడచువరకు తిరిగి చేర్చుమని అడుగరాదు. ఈ కౌన్సిలును గమనించుటకు దానిపైన వృత్తిప్రమాణాధికార సంస్థ యను మరియొకటి కలదు. ఏదైన తీర్పు ప్రజారక్షణకు చాలదని తోచినచో దానిని ఉన్నత న్యాయస్థానమునకు నివేదించు అధికారము దానికి చట్టము కల్పించినది.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో వృత్తుల లైసెన్సు కేంద్రప్రభుత్వపు పని కాదు, రాష్ట్రములది. వైద్యులకు లైసెన్సు విధించు అధికారము రాష్ట్రమునకు కలదని 1889లో డెంటు వర్సెస్ వెస్టు వర్జీనియా వ్యాజ్యమున అచ్చటి సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది మొదలు ఈ విధానము స్థిరపడినది. కళాచికిత్సకుల విషయమున 1990ల దశకపు తొలియేండ్లలో న్యూ మెక్సికో, కెంటకీ రాష్ట్రములు త్రోవ చూపినవి. కెంటకీ 1994లో కళాచికిత్సకులకై ప్రత్యేకముగా ఒక లైసెన్సు బోర్డునే ఏర్పరచినది. న్యూ మెక్సికోలో వారు సలహాచికిత్సకుల బోర్డు క్రిందికి వచ్చిరి. పిదప మేరీలాండు, న్యూ జెర్సీ, డెలావేరు, ఆరెగాన్, కనెక్టికట్, వర్జీనియా మొదలగు రాష్ట్రములు ఒకదాని వెంట నొకటి శాసనములు చేసినవి. టెక్సాసులో సలహాచికిత్సకుని లైసెన్సుకే కళాచికిత్స యను విశేషణమును చేర్తురు. విస్కాన్సిన్ రాష్ట్రమున సంగీత, నృత్య చికిత్సకులతో పాటు రిజిస్ట్రేషను పద్ధతి కలదు. ఒక రాష్ట్రమున పదేండ్లు పనిచేసిన చికిత్సకురాలు కాపురము మారి వేరొక రాష్ట్రము చేరినచో మరల దరఖాస్తులు, మరల రుసుములు, ఒక్కొక్కప్పుడు మరల పర్యవేక్షిత గంటలు. ఈ చిక్కునకు లైసెన్సు పేర్లలోని గందరగోళము మరింత తోడైనది.

వీటిలో న్యూయార్కు శాసనము విశేషముగా పరిశీలింపదగినది. ఆ రాష్ట్రమున వృత్తుల లైసెన్సులను ఆరోగ్యశాఖ కాక విద్యాశాఖ ఇచ్చును. 1784లో ఏర్పడిన రీజెంట్ల మండలి దాని పైయధికారి. 2002లో చేసిన శాసనము మానసికారోగ్యమునకు సంబంధించిన నాలుగు క్రొత్త వృత్తులను లైసెన్సు పరిధిలోనికి తెచ్చినది: మానసిక సలహాచికిత్స, వివాహ కుటుంబ చికిత్స, మనోవిశ్లేషణ, సృజనాత్మక కళాచికిత్స. ఈ కడపటి దానిలో చిత్రకళయే గాక సంగీతము, నృత్యము, నాటకము, కవిత్వము కూడ ఇమిడియున్నవి. కళల ద్వారమున మానసిక, ఉద్వేగ, వికాస, ప్రవర్తనా రుగ్మతలను అంచనా కట్టి చికిత్స చేయుట యని శాసనము ఆ పనిని నిర్వచించినది; ఆ చికిత్స ప్రధానమైనదిగానైనను, ఇతర చికిత్సలకు తోడైనదిగానైనను ఉండవచ్చునని కూడ చేర్చినది. అభ్యర్థికి ఇరువదియొక్క యేండ్లు నిండవలెను. స్నాతకోత్తర పట్టము, పర్యవేక్షణలో 1500 గంటల అనుభవము, పరీక్షలో ఉత్తీర్ణత, శిశుహింసను గుర్తించి అధికారులకు తెలియజేయుటలో శిక్షణ కావలెను. సలహాచికిత్సకులకు విధించిన అనుభవపు గంటలు దీనికి రెట్టింపు. లైసెన్సు లేక ఆ పని చేయుట అచ్చట ఫెలనీ తరగతికి చెందిన నేరము. బ్రిటను జరిమానాతో పోల్చినచో ఎంత కఠినమో తెలియును.

లైసెన్సు ఇచ్చిన చేతితోనే శాసనము ఒక హద్దును కూడ గీసినది. స్కిజోఫ్రీనియా, బైపోలారు వ్యాధి, తీవ్రమైన కుంగుబాటు, ఆటిజము, ఏకాగ్రతాలోపము మొదలగు కొన్నింటిని తీవ్ర మానసిక వ్యాధులుగా పేర్కొని, అట్టి రోగికి వైద్యపరీక్ష జరిగి, వైద్యునితో సంప్రదింపు కుదిరిన పిదపనే చికిత్స సాగింపవలెనని నిర్దేశించినది. మందు వ్రాయుట నిషిద్ధము. 2022లో ఆ రాష్ట్రము తక్కిన మూడు వృత్తులవారికి తగిన శిక్షణపై రోగనిర్ణయాధికారమును కల్పింపగా, సృజనాత్మక కళాచికిత్సకులను మాత్రము దానికి వెలుపలనే నిలిపినది. రోగనిర్ణయాధికారము లేనివానికి బీమా సంస్థలనుండి రుసుము రాబట్టుకొనుట కష్టము. గౌరవము, సంపాదన రెండును ఆ యొక్క అధికారమునకు ముడిపడి యున్నవి గనుక, ఇట్టి నిర్ణయములు శాస్త్రీయములా, వృత్తుల నడుమ పోటీవలన కలిగినవా అని అనుమానింపక తప్పదు.

ఆ యనుమానము క్రొత్తదియు కాదు. లైసెన్సు ప్రజలను కాపాడుట కంటె వృత్తిలో ముందుగా చేరినవారి ఆదాయమును కాపాడుటకే ఉపకరించునని ఆర్థికశాస్త్రవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1962లోనే వాదించెను. 1950ల దశకమున అమెరికను శ్రామికులలో నూటికి అయిదుగురికైనను అక్కరలేని రాష్ట్రప్రభుత్వపు లైసెన్సు నేడు నాలుగింట ఒకవంతు కంటె హెచ్చుమందికి కావలసి వచ్చుచున్నదని 2015లో వైట్‌హౌసు వెలువరించిన నివేదిక తెలిపినది. ఆ యేటనే ఉత్తర కరొలైనా దంతవైద్య బోర్డు వ్యాజ్యమున సుప్రీంకోర్టు, వృత్తిలో నున్నవారే పెత్తనము వహించు బోర్డునకు రాష్ట్రప్రభుత్వపు చురుకైన పర్యవేక్షణ లేనిచో గుత్తాధిపత్య నిరోధక చట్టములనుండి మినహాయింపు లేదని తీర్పు చెప్పినది. కావున వృత్తిని గమనించుటకు బోర్డు చాలదు, బోర్డును గమనించుటకు రాష్ట్రము కావలెను. క్రొత్తవృత్తి లైసెన్సు కోరినప్పుడు, అది లేకుండుటవలన ప్రజలకు నిజముగా హాని కలుగుచున్నదా యని ముందుగా విచారించు పద్ధతి కొన్ని రాష్ట్రములందు కలదు. వర్జీనియా 2020లో శాసనము చేయుటకు పూర్వము అట్టి విచారణ జరిపి, చివరకు కళాచికిత్సకులను సలహాచికిత్సకుల బోర్డు క్రింద ఉంచి వారికొక సలహాసంఘమును ఏర్పరచినది.

రంగులతో కలుగు హాని యేమి యని పాఠకుడు అడుగవచ్చును. హాని రంగులలో లేదు. పసిపిల్ల గీసిన ఇంటిబొమ్మకు కిటికీలు లేకపోవుటను చూచి ఆ యింట ఘోరమేదో జరుగుచున్నదని తీర్మానించు అర్ధశిక్షితుడు ఒక కుటుంబమును న్యాయస్థానమునకు ఈడ్వగలడు. దారుణానుభవమును మట్టిలో మలచుమని ప్రోత్సహించి, రోగి ఆ వేదనలో మునిగిన వేళ నిలువరింప జాలనివాడు మేలుకు బదులు కీడు చేయును. ఇంతేగాక ఈ చికిత్సలో మాత్రమే పుట్టు చిక్కొకటి కలదు: గీసిన బొమ్మ యెవరిది? అది రోగి సొత్తు, చికిత్సాపత్రములలో భాగమును, ఒక్కొక్కప్పుడు ప్రదర్శనయోగ్యమైన కళాఖండమును. రోగి వ్రాతపూర్వకమైన సమ్మతి లేనిదే దానిని ఛాయాచిత్రము తీయుటను, ప్రకటించుటను, ప్రదర్శించుటను క్రెడెన్షియల్స్ బోర్డు నీతినియమావళి నిషేధించును. నెదర్న్ రోగులు గీసిన వేలకొలది బొమ్మలు నేడు లండనులోని వెల్‌కమ్ సంస్థ భద్రపరచిన ఆడమ్సన్ సేకరణలో నున్నవి. వానిని గీసినవారి పేర్లను లోకమునకు చెప్పవచ్చునా, కూడదా యన్న ప్రశ్న ఆ సేకరణను వెన్నంటియే యున్నది.

ఇతర దేశముల సంగతి సంక్షిప్తముగా చెప్పవచ్చును. జర్మనీలో కళాచికిత్సకుని బిరుదునకు చట్టరక్షణ లేదు. ఆస్ట్రియా 2008లో సంగీతచికిత్సకు ప్రత్యేక శాసనము చేసి చిత్రకళను విడిచిపెట్టినది. ఆస్ట్రేలియాలో ఆరోగ్యవృత్తుల జాతీయ నమోదులో వీరికి చోటు లేదు. వృత్తిసంఘమే కట్టుబాట్లను నడపుచున్నది. కెనడాలోని ఆంటేరియో రాష్ట్రమున మానసిక చికిత్సల చట్టము 2015లో పూర్తిగా అమలునకు వచ్చినప్పటినుండి కళాచికిత్సకులు రిజిస్టరైన మానసిక చికిత్సకులుగా పేరు నమోదు చేసికొనుచున్నారు.

భారతదేశమున 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము మానసిక నిపుణుల జాబితాలో మనోవైద్యులను, క్లినికల్ సైకాలజిస్టులను, మనోవైద్య సామాజిక కార్యకర్తలను, మానసికారోగ్య నర్సులను పేర్కొన్నది గాని కళాచికిత్సకులను పేర్కొనలేదు. 2021 మార్చిలో రాష్ట్రపతి ఆమోదము పొందిన అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషను చట్టము ఈ వెలితిని కొంత పూరించినది. దాని అనుబంధపట్టికలోని పది వర్గములలో సామాజిక సంరక్షణ, ప్రవర్తనాశాస్త్రముల వర్గము క్రింద మూవ్‌మెంట్ థెరపిస్టు అను పద్దు కలదు. కళ, నృత్య, చలన చికిత్సకులును, వినోద చికిత్సకులును అందులో చేరుదురని చట్టమే చెప్పుచున్నది. బొమ్మ గీయించువానిని చలనచికిత్సకుని పద్దులో ఇరికించుట విడ్డూరమే. అయినను శాసనమున చోటు దొరకుట చిన్న విషయము కాదు. ఈ చట్టము ప్రకారము ప్రతి రాష్ట్రమును ఒక కౌన్సిలును ఏర్పరచి, రాష్ట్ర రిజిస్టరును నిర్వహింపవలెను; రిజిస్టరులో లేనివారు ఉన్నట్లు చెప్పుకొనుట దండనార్హము. రాష్ట్రములు జాగు చేయగా 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు కలుగజేసికొని, రెండు నెలలలో చట్టమును అమలుపరచుమని ఆదేశించినది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములకును ఈ చట్టము సమానముగనే వర్తించును.

న్యూ జెర్సీలో తెలుగువారు అధికసంఖ్యలో నివసించుచున్నారు. అచ్చటి కళాచికిత్సకులు 2016 నాటి శాసనము ననుసరించి వివాహ కుటుంబ చికిత్సకుల పరీక్షా బోర్డు ఆధీనమందలి సలహాసంఘమునకు లోబడి యుందురు. న్యూ జెర్సీ, న్యూయార్కు రాష్ట్రములలో గాని, బ్రిటనులో గాని, ఎవరి లైసెన్సు చెల్లుచున్నదో పేరు వెదకి ఎవరైనను ఉచితముగా తెలిసికొనవచ్చును. బిడ్డను చికిత్సకు పంపదలచినవారు ముందుగా ఆ పేరు వెదకుట మంచిది.